మెలకువ ఖర్చు

అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో, మౌంట్ డెజర్ట్ దీవికి దక్షిణంగా సుమారు 15 కిలోమీటర్ల దూరాన గ్రేట్ డక్ అనే చిన్న దీవి ఉంది. విస్తీర్ణం 237 ఎకరాలు. ఏటా వేసవిలో అక్కడికి లీచ్స్ స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపు పిట్టలు వచ్చి, నేలలో బొరియలు తవ్వి గుడ్లు పెడతాయి. పిడికిట్లో ఇమిడే పిట్ట. చీకటి పడ్డాకే గూటికి వచ్చిపోతుంది. ఈ పిట్టలు ఫలానా చోటునే ఎందుకు ఎంచుకుంటున్నాయో, బొరియ లోపల వేడీ తేమా ఎలా మారుతున్నాయో తెలుసుకోవాలని జీవశాస్త్రజ్ఞుల కోరిక. కానీ పొదగడం మొదలుపెట్టిన రెండు వారాల లోపు ఎవరైనా బొరియలో చెయ్యి పెడితే పిట్ట గూడు వదిలేసి పోయే ప్రమాదం ఉంది. చూడబోతే చూడాల్సింది మిగలదు.

2002లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఆ ఊళ్లోనే ఉన్న ఇంటెల్ పరిశోధనశాల, బార్ హార్బర్‌లోని కాలేజ్ ఆఫ్ ది అట్లాంటిక్ కలిసి దీనికో ఉపాయం పన్నాయి. బొరియల్లోనూ వాటి చుట్టుపక్కలా చిన్న చిన్న సెన్సర్ నోడ్లు పెట్టారు. ఒక్కో నోడులో ఒక మైక్రోకంట్రోలర్, ఒక రేడియో, వేడినీ తేమనీ కొలిచే సెన్సర్లు, రెండు పెన్సిల్ సెల్లు. గోడ గడియారంలో వేస్తామే, అవే. ఈ నోడుకి మైకా అని పేరు. కొలిచిన అంకెలు రేడియో ద్వారా దీవిలోనే ఉన్న ఒక కేంద్రానికి చేరేవి, అక్కణ్ణుంచి ఉపగ్రహం మీదుగా కాలిఫోర్నియాకి. దాదాపు నాలుగు నెలల్లో పది లక్షలకు పైగా కొలతలు వచ్చాయి.

ఒకటే షరతు. మధ్యలో సెల్లు మార్చడానికి ఎవరూ వెళ్లరు. నోడ్లు తొమ్మిది నెలలు బతకాలన్నది లక్ష్యం. రెండు సెల్లలో నిజంగా వాడుకోగలిగింది 2,200 మిల్లీయాంపియర్ గంటలు అనుకున్నారు. దాన్ని 270 రోజులకు పంచితే రోజుకు 8.148 మిల్లీయాంపియర్ గంటలు. నెల జీతం చేతికి రాగానే రోజువారీ ఖర్చు లెక్క వేసుకునే గృహస్థు లాగా, ఆ బృందం ఏ పనికి ఎంత ఖర్చో ఒక పట్టిక రాసుకుంది. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన పట్టిక అది.

అందులో ధరలు నానోయాంపియర్ గంటల్లో ఉంటాయి, అంటే మిల్లీయాంపియర్ గంటలో పది లక్షల వంతు. సెన్సర్ నుంచి వచ్చిన వోల్టేజీని అంకెగా మార్చి చదవడానికి 0.011. రేడియోలో ఒక ప్యాకెట్ పంపడానికి 20. ఒక ప్యాకెట్ అందుకోవడానికి 8. అదే ప్యాకెట్టంత సమాచారాన్ని తన ఫ్లాష్ మెమరీలో రాసుకోవడానికి 83! తన దగ్గర దాచుకోవడం కంటే పక్కవాడికి చెప్పేయడం నాలుగు రెట్లు చవక.

పట్టికలో పెద్దగా కంటికి ఆనని వరస ఇంకొకటి ఉంది: రేడియో తెరిచి ఒక మిల్లీసెకను ఊరికే చెవి ఒగ్గి ఉంటే 1.25. చిన్న మొత్తమే. అయితే రోజుకు 8 కోట్ల 64 లక్షల మిల్లీసెకన్లు. గుణించి చూస్తే 108 మిల్లీయాంపియర్ గంటలు. ఎవరూ ఏమీ పంపకపోయినా, ఎవరైనా పంపుతారేమోనని ఒక్క రోజు వింటూ కూచుంటే 13 రోజుల బత్తెం హరించుకుపోతుంది. నోడు బతుకు నిజంగా ఈ వరస చేతుల్లో ఉంది. పని చేయడానికి కాదు, పని కోసం ఎదురు చూడటానికే కరెంటంతా పోతుంది. తక్కువ కరెంటుతో నడిచే హార్డ్‌వేర్, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఈ ఇరవై ఏళ్ల ప్రయత్నమంతా ఆ ఎదురుచూపును తగ్గించుకోవడానికి సాగింది.

వినడం ఎందుకంత ఖరీదు

మామూలుగా మనకు తోచేది వేరు. రేడియో అనగానే పెద్ద టవరు, కిలోవాట్ల కొద్దీ కరెంటు తాగే ట్రాన్స్‌మిటర్ గుర్తొస్తాయి. వినేవాడి చేతిలో మాత్రం చిన్న ట్రాన్సిస్టర్. కాబట్టి పంపడానికే ఖర్చు, వినడం దాదాపు ఉచితం అనుకుంటాం. ఊరవతలికి వినబడాలంటే అరవాలి కదా.

సెన్సర్ నోడ్లు మాట్లాడుకునేది పదుల మీటర్ల దూరంలో. అక్కడ లెక్క తిరగబడుతుంది. 2005 నాటి టెలోస్ అనే నోడులో, అది కూడా బర్క్‌లీ వాళ్లదే, సీసీ2420 అనే రేడియో చిప్ ఉండేది. పూర్తి శక్తితో పంపేటప్పుడు అది తీసుకునే కరెంటు 17.4 మిల్లీయాంపియర్లు. వినేటప్పుడు 18.8. వినడమే ఎక్కువ! మూడు వోల్టుల దగ్గర 17.4 మిల్లీయాంపియర్లంటే 52 మిల్లీవాట్లు. అందులో యాంటెన్నా దాటి గాలిలోకి వెళ్లేది ఒక్క మిల్లీవాటు. మిగతాదంతా చిప్ లోపలి యంత్రాంగానికే సరి: 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నిలకడగా పుట్టించే ఆసిలేటర్, దాన్ని అదుపులో ఉంచే సర్క్యూట్, ఫిల్టర్లు, అంకెలకూ తరంగాలకూ మధ్య దుబాసీ పని చేసే భాగాలు. వినేటప్పుడు కూడా ఆ ఆసిలేటర్ తిరగాల్సిందే. పైగా అవతల నుంచి వచ్చే సంకేతం మిల్లీవాటులో వంద కోట్ల వంతు కంటే తక్కువగా ఉన్నా పట్టుకోవాలి గనక దాన్ని పెంచే యాంప్లిఫయర్లు అదనం. అది ఎప్పుడొస్తుందో తెలియదు గనక ఇవన్నీ నిరంతరం పని చేస్తూనే ఉండాలి.

ఈ సంగతి మరిచిపోతే మంచి మంచి సిద్ధాంతాలు కూడా దారి తప్పుతాయి. 2000లో ఎంఐటీకి చెందిన వెండీ హైన్జల్‌మన్, అనంత చంద్రకాసన్, హరి బాలకృష్ణన్ లీచ్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. (పిట్ట పేరులోని లీచ్‌కూ దీనికీ చుట్టరికం లేదు.) నోడ్లు గుంపులుగా చేరి, వంతుల వారీగా ఒకరు నాయకత్వం వహించి, అందరి కొలతలనూ కుదించి దూరంలోని కేంద్రానికి పంపుతారు. మన ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టు రిపోర్టుల్లో తరచూ తగిలే పేరిది. వాళ్లు వాడిన ఖర్చు నమూనా సులువైనది: ఒక్కో బిట్‌కు పంపే సర్క్యూట్‌కు 50 నానోజౌళ్లు, అందుకునే సర్క్యూట్‌కు మరో 50, ఆపైన దూరం వర్గానికి చదరపు మీటరుకు 0.1 నానోజౌల్ చొప్పున.

ఈ నమూనాతోనే ఒక ప్రశ్న వేద్దాం. ఇద్దరి మధ్య మరో నోడును నిలబెట్టి రెండు అంగల్లో సందేశం పంపితే ఆదా అవుతుందా? దూరం వర్గంతో ఖర్చు పెరుగుతోంది కాబట్టి అవుతుందనే అనిపిస్తుంది. లెక్క కట్టండి. నేరుగా పంపితే సర్క్యూట్లకు 100, దూరానికి 0.1 రెట్లు వర్గం. మధ్యవర్తి ఉంటే సర్క్యూట్లకు 200, దూరానికి అందులో సగం. రెండూ సమానమయ్యేది దాదాపు 45 మీటర్ల దగ్గర. అంతకంటే దగ్గరైతే మధ్యవర్తి వల్ల నష్టమే. ఆ మధ్యవర్తి సందేశం కోసం ఎంతసేపు చెవి తెరిచి ఉండాలో ఈ లెక్కలో కలపనే లేదు. కలిపితే గీత ఇంకా దూరం జరుగుతుంది. చిన్న చిన్న అంగలు ఎప్పుడూ ఆదా అని రాసిన పుస్తకాలు ఇప్పటికీ దొరుకుతాయి. అంగలు నిజంగా అవసరమయ్యేది సంకేతం అందనంత దూరం ఉన్నప్పుడో, మధ్యలో గుట్ట అడ్డొచ్చినప్పుడో.

నిద్ర నేర్చిన చిప్పులు

ఎదురుచూపు ఖరీదైతే చేయాల్సింది ఒకటే, రేడియో ఆపేయడం. టెలోస్ అంకెలతోనే చూద్దాం. రెండు సెల్లలో 2,500 మిల్లీయాంపియర్ గంటలు ఉన్నాయనుకుంటే, మొత్తం 20 మిల్లీయాంపియర్లు తీసుకుంటూ నిత్యం మేలుకుని ఉన్న నోడు 125 గంటల్లో, అంటే అయిదు రోజుల్లో చచ్చిపోతుంది. నూటికి ఒక వంతు కాలమే మేలుకుంటే 17 నెలలు. వెయ్యికి ఒక వంతే అయితే 11 ఏళ్లు, సెల్లు ఊరికే ఉండి పాడవకపోతే.

అయితే ఆ 11 ఏళ్ల లెక్కలో నిద్ర ఖర్చు కూడా కలిసి ఉంది. నిద్రపోతున్న టెలోస్ తీసుకునేది సుమారు 5 మైక్రోయాంపియర్లు. వెయ్యికి ఒక వంతు మెలకువకు సగటున పడేది 20 మైక్రోయాంపియర్లు. అంటే మెలకువను ఎంత తగ్గిస్తే నిద్ర అంత బరువవుతుంది. చిప్ తయారు చేసేవాళ్లు రెండు దారుల మధ్య నలగాల్సి వచ్చింది. పని చేసేటప్పటి ఖర్చు వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది కాబట్టి వోల్టేజీ తగ్గించాలి. మూడు వోల్టుల నుంచి 1.8కి దిగితే అదే పని మూడో వంతుకు కాస్త ఎక్కువ ఖర్చులో అయిపోతుంది. కానీ తక్కువ వోల్టేజీలో కూడా చురుగ్గా పని చేసేలా ట్రాన్సిస్టర్‌ను మలిస్తే అది పూర్తిగా మూసుకోదు, నిద్రలో కారుతూ ఉంటుంది. సెన్సర్ నోడు నూటికి 99 పాళ్లు నిద్రలోనే ఉంటుంది గనక దానికి వేగం కంటే కారకపోవడం ముఖ్యం. అందుకే సెల్‌ఫోన్‌కు మేలైన చిప్ సెన్సర్‌కు పనికిరాదు.

టెలోస్‌లో వాడిన ఎంఎస్‌పీ430 మైక్రోకంట్రోలర్ 1.8 వోల్టుల దాకా పని చేస్తుంది. ఇది వినడానికి చిన్న సంగతి. కానీ పెన్సిల్ సెల్లు పూర్తిగా అరిగిపోయే నాటికి ఒక్కోటి 0.9 వోల్టులకు దిగుతుంది, రెండు కలిస్తే 1.8. అంతకు ముందరి మైకా వంశపు చిప్‌కు కనీసం 2.7 కావాలి. వోల్టేజీ అంతకంటే దిగితే, సెల్లలో ఇంకా బోలెడు మిగిలి ఉండగానే నోడు చేతులెత్తేసేది. ఇంకొకటి, లేచే వేగం. మైకా2 నిద్ర లేవడానికి 180 మైక్రోసెకన్లు పట్టేది, టెలోస్‌కు 6. లేవడానికి పట్టే కాలంలో పనేమీ జరగదు, ఖర్చు మాత్రం జరుగుతుంది. త్వరగా లేచేవాడే తరచూ, ధైర్యంగా నిద్రపోగలడు.

అయితే నిద్రపొమ్మని చెప్పేది ఎవరు? ఇక్కడ సాఫ్ట్‌వేర్ వస్తుంది. మన కంప్యూటర్లలోని ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది, వంద ప్రోగ్రాములకు వంతులు పంచుతుంది. 4 కిలోబైట్ల ర్యామ్ ఉన్న నోడులో దానికి చోటే లేదు. బర్క్‌లీలో డేవిడ్ కల్లర్ బృందం, ముఖ్యంగా జేసన్ హిల్, 2000 నాటికి టైనీఓఎస్ రాశారు. దాని స్వభావం సులువు: ఏదైనా జరిగితేనే లే. టైమర్ మోగింది, ప్యాకెట్ వచ్చింది, సెన్సర్ కొలత సిద్ధమైంది, ఇలాంటి సంఘటనకు తగిన చిన్న పని వరసలో చేరుతుంది. వరస ఖాళీ కాగానే ప్రాసెసర్ తనంతట తాను నిద్రలోకి జారుకుంటుంది. ప్రోగ్రామరు నిద్రపొమ్మని ప్రత్యేకంగా రాయనక్కర్లేదు. "సిద్ధమయ్యావా, సిద్ధమయ్యావా" అని లూప్ పెట్టి అడుగుతూ కూచునే ప్రోగ్రాము రాయడానికి అందులో వీలు బహు తక్కువ. దానికి వాడే నెస్‌సీ భాష నేర్చుకోవడం కష్టమని అప్పట్లో చాలామంది విసుక్కున్నారు, అందులో న్యాయం ఉంది కూడా. కానీ ఆ బిగువే నోడ్లను బతికించింది.

ఇద్దరు నిద్రమొహాలు కలుసుకోవడం

ఇద్దరూ నూటికి 99 పాళ్లు నిద్రపోతుంటే ఒకరి మాట ఒకరికి చేరేదెలా? ఒకడు మేలుకుని పంపే క్షణానికి రెండోవాడు మేలుకుని ఉండటం నూటికో కోటికో. ఈ చిక్కుకు రెండు జవాబులు వచ్చాయి.

మొదటిది భారాన్ని పంపేవాడి మీద వేస్తుంది. వినేవాడు, ఉదాహరణకు, 100 మిల్లీసెకన్లకొకసారి ఒక్క క్షణం లేచి గాలిలో ఏదైనా అలికిడి ఉందా అని చూసి మళ్లీ పడుకుంటాడు. పంపేవాడు అసలు సందేశానికి ముందు 100 మిల్లీసెకన్లకు పైగా అర్థం లేని కూత కూస్తాడు. ఆ లోపు వినేవాడు తప్పక లేస్తాడు, కూత విని ఆగుతాడు. 2004లో వచ్చిన బీ-మ్యాక్ అనే ప్రోటోకాల్ ఇదే చేసింది. గడియారాలు కలవాల్సిన పని లేదు, అదే దీని అందం. కానీ 1.6 మిల్లీసెకన్ల సందేశానికి 100 మిల్లీసెకన్ల కూత! పైగా ఆ కూతకు చుట్టుపక్కల వాళ్లందరూ లేచి, అది తమకు కాదని తెలిసేదాకా ఆగాలి. రెండేళ్ల తర్వాత ఎక్స్-మ్యాక్ ఆ కూతను ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో సందేశం ఎవరికో ఆ చిరునామా పెట్టింది. కాని వాళ్లు వెంటనే పడుకుంటారు. అయినవాడు మధ్యలోనే "విన్నాను, చెప్పు" అంటాడు.

రెండో జవాబు వంతులు. కాలువ కింద వారబందీ లాంటిదే: ఏ పొలానికి ఏ గంటకు నీరో ముందే రాసి ఉంటే రైతు రాత్రంతా తూము దగ్గర కాపు కాయనక్కర్లేదు. ఫలానా నోడు ఫలానా మిల్లీసెకనుకు మాట్లాడుతుంది, ఫలానాది వింటుంది, మిగతా వాళ్లు పడుకోవచ్చు. అయితే దీనికి అందరి గడియారాలూ కలవాలి. నోడులోని గడియారం సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న క్వార్ట్జ్ స్ఫటికం, చేతి గడియారంలో ఉండేదే. అది పది లక్షలకు 20 పాళ్లు అటూ ఇటూ తప్పుతుంది. రోజుకు 1.7 సెకన్లు. ఇద్దరిలో ఒకరిది ముందుకీ ఒకరిది వెనక్కీ పోతే తేడా రెట్టింపు.

పది నిమిషాలకొకసారి కలుసుకునే ఒప్పందం ఉందనుకోండి. ఆ పది నిమిషాల్లో ఇద్దరి గడియారాల మధ్య 24 మిల్లీసెకన్ల దాకా తేడా రావచ్చు. అది ఎటువైపో తెలియదు. అందుకని వినేవాడు 24 మిల్లీసెకన్లు ముందే లేచి, అవసరమైతే మరో 24 ఆగాలి. 1.6 మిల్లీసెకన్ల మాటకు 48 మిల్లీసెకన్ల కాపలా. గంటకొకసారి కలిస్తే కాపలా కూడా ఆరు రెట్లు. ఎంత అరుదుగా కలిసినా కాలంలో లక్షకు 8 పాళ్లు కాపలాకే పోతాయి, అదీ ఒక్కో పొరుగు నోడుకు. 20 మిల్లీయాంపియర్ల రేడియోకు అది సగటున 1.6 మైక్రోయాంపియర్లు. కూత పద్ధతితో పోలిస్తే ఇదేమంత కాదు, వంతుల పద్ధతి గెలిచింది అందుకే. కానీ నిద్రకయ్యే 5 మైక్రోయాంపియర్ల పక్కన పెట్టి చూస్తే కొట్టిపారేసేదీ కాదు.

పైగా ఆ స్ఫటికానికి ఎండ పడదు. 25 డిగ్రీల దగ్గర అది సరిగా నడుస్తుంది. అక్కణ్ణుంచి ఎటు జరిగినా, జరిగిన డిగ్రీల వర్గాన్ని 0.034తో గుణించినంత మేర, పది లక్షల పాళ్లలో, నెమ్మదిస్తుంది. రాయలసీమ వేసవిలో ఎండకు కాగిన ప్లాస్టిక్ పెట్టె లోపల 55 డిగ్రీలు ఉంటే 30 పాళ్లు నెమ్మది. నీడలో 35 డిగ్రీల దగ్గరున్న పొరుగు నోడుకు మూడున్నర పాళ్లే. ఒకే పొలంలో, ఒకే మోడల్ నోడ్ల మధ్య, ఒకటి వేపచెట్టు కింద ఉన్నందుకే పది నిమిషాలకు 16 మిల్లీసెకన్ల తేడా వచ్చేస్తుంది. మంచి సాఫ్ట్‌వేర్ దీన్ని ఊరికే సహించదు. ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఎలాగూ ఉంది కదా, దాన్ని చూసి తన గడియారం ఎంత తప్పుతోందో తానే సవరించుకుంటుంది, పొరుగువాడి గడియారం నడక ఎలాంటిదో కొద్ది కొద్దిగా నేర్చుకుంటుంది. హార్డ్‌వేర్ లోపాన్ని లెక్కతో పూడ్చడమంటే ఇదే. ఖరీదైన స్ఫటికం కొనే అవసరం తప్పుతుంది.

వంతుల పద్ధతి ఎంత దూరం పోగలదో ఆల్ప్స్ పర్వతాల్లో తేలింది. స్విట్జర్లాండ్‌లోని మాటర్‌హార్న్ శిఖరం మీద 2003 వేసవి వేడికి మంచు కరిగి బండలు విరిగిపడ్డాయి. ఆ రాతి పగుళ్లను కనిపెట్టి ఉండటానికి పర్మాసెన్స్ ప్రాజెక్టు వాళ్లు సుమారు 3,500 మీటర్ల ఎత్తున నోడ్లు బిగించారు. సెల్లు మార్చాలంటే తాళ్లు కట్టుకుని కొండ ఎక్కాలి. వాళ్లు వాడిన డోజర్ అనే ప్రోటోకాల్‌లో రేడియో మేలుకునేది వెయ్యికి సుమారు రెండు పాళ్లు. అటు పరిశ్రమలో, 'స్మార్ట్ డస్ట్' అనే ధూళి రేణువంత కంప్యూటర్ల కల కన్న బర్క్‌లీ ప్రొఫెసర్ క్రిస్ పిస్టర్ 2002లో డస్ట్ నెట్‌వర్క్స్ కంపెనీ పెట్టారు. రేణువు రాలేదు గానీ, వాళ్లు మెరుగుపెట్టిన వంతుల పద్ధతి ఫ్యాక్టరీల కోసం 2007లో వచ్చిన వైర్‌లెస్‌హార్ట్ ప్రమాణంలోనూ, 2012లో ఐట్రిపుల్‌ఈ ప్రమాణంలోనూ చేరింది.

పొలంలో దిగితే

ప్రయోగశాలలో గెలిచినవన్నీ పొలంలో గెలవవు. నెదర్లాండ్స్‌లో 2005లో ఆలుగడ్డ తెగులును ముందుగా పసిగట్టాలని ఒక చేలో వందకు పైగా నోడ్లు పెడితే, ఆఖరికి చేతికొచ్చిన సమాచారం రావాల్సినదాంట్లో నూటికి రెండు పాళ్లే. ఆ బృందం దాపరికం లేకుండా ఆ కథంతా రాసి ప్రచురించింది. జయగాథల కంటే అలాంటి పత్రం ఒకటి చదివితే ఎక్కువ నేర్చుకోవచ్చు.

మనకు దగ్గరి ఉదాహరణ పావగడ. కర్ణాటకలో తుమకూరు జిల్లా తాలూకా అయినా మూడు వైపులా పాత అనంతపురం జిల్లాయే, తెలుగు ఇంటింటా వినబడుతుంది. వర్షాధారపు వేరుశనగ, చాలీచాలని వాన. 2004 తర్వాతి ఏళ్లలో బెంగళూరు ఐఐఎస్‌సీ, స్విట్జర్లాండ్‌లోని లోజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి ఆ తాలూకాలోని చెన్నకేశవపురలో కామన్‌సెన్స్ నెట్ అనే ప్రాజెక్టు చేపట్టాయి. చిన్న రైతు పొలంలో నేల తేమ ఎంతుందో, తేదీలవారీగా ఎలా తగ్గుతోందో వైర్‌లెస్ నోడ్లతో కొలవడం దాని పని. ఇప్పుడదే తాలూకాలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. మైక్రోయాంపియర్లు లెక్కపెట్టుకున్న ఊళ్ల పక్కనే!

నేల తేమ కొలిచేచోట రేడియో ఒక్కటే దొంగ కాదు. ఈసీ-5 అనే ప్రసిద్ధ తేమ సెన్సర్‌కు 10 మిల్లీయాంపియర్లు కావాలి, కానీ 10 మిల్లీసెకన్లు చాలు. పది నిమిషాలకొకసారి కొలిస్తే రోజంతటికీ అయ్యేది 0.004 మిల్లీయాంపియర్ గంట, అంటే ఏమీ లేనట్టే. కొలిచాక దాని కరెంటు తీసేయడం ప్రోగ్రామరు మరిచిపోతే రోజుకు 240. పది రోజుల్లో సెల్లు ఖాళీ. ఒక్క వరస కోడ్ తేడా. వాయువుల సంగతి ఇంకా కఠినం. చవగ్గా దొరికే ఎంక్యూ రకం గ్యాస్ సెన్సర్లలో లోపల హీటరు ఉంటుంది, 800 మిల్లీవాట్ల దాకా తీసుకుంటుంది. రెండు పెన్సిల్ సెల్లు దానికి ఒక రాత్రికి కూడా సరిగా చాలవు. అక్కడ రేడియో ప్రోటోకాల్ మీద ఎంత పరిశోధన చేసినా ఒరిగేదేం లేదు, వేరే రకం సెన్సర్ వెతుక్కోవాలి.

ఇంకా చిన్న దొంగలు బోర్డు మీదే ఉంటాయి. నోడు బతికే ఉందని చూపడానికి ఎవరో ఒక ఎల్‌ఈడీ పెడతారు, అది రెండు మిల్లీయాంపియర్లు. ఏదో తీగ వోల్టేజీ నిలకడగా ఉండాలని 10 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి పెడతారు. నిద్రలో ఆ తీగ సున్నాకు లాగబడి ఉంటే దానిగుండా నిరంతరం 300 మైక్రోయాంపియర్లు పారుతాయి. చిప్ నిద్రకయ్యేది 5, పైసలు ఖరీదు చేసే రెసిస్టర్‌కు 300! అది ఒక్కటే ఏడాది తిరక్కముందే సెల్లను పిండేస్తుంది. ఎక్కడా కలపకుండా వదిలేసిన చిప్ కాళ్లు కూడా ఇంతే, సున్నాకూ ఒకటికీ మధ్య తేలుతూ లోపలి ట్రాన్సిస్టర్లను సగం తెరిచి ఉంచుతాయి. వీటిని పట్టుకోవడం కష్టం. మామూలు మల్టీమీటరు మైక్రోయాంపియర్ల శ్రేణిలో ఉండగా నోడు హఠాత్తుగా లేచి 20 మిల్లీయాంపియర్లు అడిగితే, మీటరు లోపలి నిరోధం మీద వోల్టేజీ పడిపోయి నోడు రీసెట్ అయిపోతుంది. రోగిని పరీక్షిస్తుంటే పరీక్షే రోగమైనట్టు. దీనికి వేరే పరికరాలు ఉన్నాయి, ఖరీదైనవే.

సెల్లకూ తిక్కలున్నాయి. పదేళ్లు పెట్టి ఉంచినా చెడని లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్లు మీటర్లలోనూ, మారుమూల నోడ్లలోనూ వాడతారు. దాని దీర్ఘాయువుకు కారణం లోపల లిథియం మీద ఏర్పడే పలచని పొర, అదే ఊరికే కరెంటు కారకుండా కాస్తుంది. కానీ ఎన్నో వారాల తర్వాత రేడియో లేచి ఒక్కసారిగా కరెంటు అడిగితే ఆ పొరే అడ్డం పడుతుంది, వోల్టేజీ కుంగుతుంది, నోడు చచ్చినట్టు పడిపోతుంది. సెల్లు పక్కన కెపాసిటర్ పెట్టి, ఆ కుదుపును దానిమీదికి మళ్లిస్తారు.

మాట ఇచ్చి పడుకోవడం

ఇప్పటి రేడియో చిప్పులు 5 మిల్లీయాంపియర్లకు అటూ ఇటూ వింటున్నాయి, సీసీ2420తో పోలిస్తే నాలుగో వంతు. అయినా సూత్రం మారలేదు. దూరాల కోసం వచ్చిన లోరావాన్‌లో ఏ-తరగతి నోడు తనంతట తాను పంపినప్పుడే వింటుంది: పంపిన సెకను తర్వాత ఒక చిన్న కిటికీ, మరుసటి సెకనుకు ఇంకొకటి, ఆపైన మళ్లీ తాను మాట్లాడేదాకా ఎవరు పిలిచినా పలకదు. మన దేశంలో ఇది 865–867 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. ఇందులో దూరానికి చెల్లించేది కాలంతో. అతి నెమ్మది వేగంలో అదే సందేశం గాలిలో దాదాపు 20 రెట్లు ఎక్కువసేపు ఉంటుంది, ఖర్చూ అంతే. సందేశాలు అందుకునే గేట్‌వేకి దగ్గరున్న నోడును నెమ్మది వేగంలో వదిలేయడం ఇక్కడ తరచూ జరిగే నిర్లక్ష్యం.

వై-ఫై మాత్రం ఈ లోకానికి పరాయిది. రౌటర్ సెకనుకు దాదాపు పదిసార్లు వేసే కేకలను వినడానికి పరికరం తరచూ లేస్తూ ఉండాలి. దాన్ని సెల్లతో నడిచేలా మలచడానికి పనిచేసిన వాళ్లలో హైదరాబాద్ ఇంజనీర్లున్నారు. వెంకట్ మట్టెల స్థాపించిన రెడ్‌పైన్ సిగ్నల్స్ తక్కువ కరెంటు వై-ఫై చిప్పుల రూపకల్పన పనిని చాలావరకు ఇక్కడే చేసేది. 2020లో సిలికాన్ ల్యాబ్స్ ఆ వ్యాపారాన్ని 308 మిలియన్ డాలర్లకు కొని ఇక్కడి బృందాన్ని తనలో కలుపుకుంది. వై-ఫై 6లో పరికరం రౌటర్‌తో "ఫలానా సమయానికి లేస్తాను, అందాకా పిలవొద్దు" అని ఒప్పందం చేసుకునే వీలు వచ్చింది. వైర్‌లెస్‌హార్ట్ ఫ్యాక్టరీలో చేసినదే ఇంటికి చేరింది.

రేడియోలో పంపేటప్పుడూ వినేటప్పుడూ కరెంటు తింటూ తిరగాల్సింది తరంగాన్ని పుట్టించే ఆసిలేటర్ అని చూశాం. దాన్నే తీసేస్తే? 2013లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శ్యామ్ గొల్లకోట, జాషువా స్మిత్ బృందాలు అలాంటి పరికరం చేసి చూపాయి. టీవీ టవరు నుంచి ఎలాగూ గాలిలో ఉన్న తరంగాలను తన యాంటెన్నాతో ఒకసారి ప్రతిఫలిస్తూ, ఒకసారి పీల్చేస్తూ ఆ మార్పులోనే అది అంకెలు పంపుతుంది. స్విచ్ వేయడమూ తీయడమూ తప్ప పెద్ద పని లేదు. బ్యాటరీ కూడా లేదు, ఆ తరంగాల నుంచే శక్తి. 2016లో అదే ప్రయోగశాల నుంచి వచ్చిన పాసివ్ వై-ఫై మామూలు ఫోన్‌కు అర్థమయ్యే వై-ఫై ప్యాకెట్లను మామూలు వై-ఫై కంటే పది వేల రెట్లు తక్కువ శక్తితో పంపింది. అయితే తరంగాన్ని పుట్టించే పని మాయం కాలేదు. ఇంట్లో ప్లగ్గుకు తగిలించిన ఇంకో పరికరం ఆ పని చేస్తుంది, గాలిలో ఎవరూ అడ్డు రాకుండా వంతులు చూసేదీ అదే. గోడకు ప్లగ్గున్నచోట ఇది అద్భుతం. ప్లగ్గుకు కిలోమీటరు దూరాన ఉన్న వేరుశనగ చేలో మాత్రం తరంగాన్ని నోడే పుట్టించుకోవాలి, కాబట్టి అక్కడింకా పని నడిపిస్తున్నవి రెండు సెల్లూ, లక్షకు కొన్ని పాళ్ల మెలకువే.